యానాం కథోలిక దేవాలయం: చరిత్ర – నిర్మాణం

గౌతమీ తీరాన ఉన్న యానాంలో ఫ్రెంచివారు 1723లో వర్తక స్థావరం నెలకొల్పారు. అక్కడి కథోలిక దేవాలయం 1846లో ఐరోపా వాస్తురీతిలో పూర్తయింది. సమీపంలోని కోరంగి రేవును 1839 నవంబరు తుపాను నేలమట్టం చేసిన ఏడేళ్లకే ఈ నిర్మాణం జరగడం గమనార్హం.

రాయి అరుదైన ఒండ్రునేలల డెల్టాలో ఆనాటి కట్టడాలకు ఇటుక, సున్నమే ప్రధానాధారం. సున్నపు గోడ నేల తేమను పీల్చి గాలికి విడుస్తుంది. దానిపై పూసిన సిమెంటు ఆ తేమను లోపలే బంధించి ఇటుకను గుల్లబారుస్తుంది. కనుక బాగుచేయాలన్న సదుద్దేశమే పాత కట్టడానికి చేటు కావచ్చు. 1954లో ఫ్రెంచిపాలన ముగిసినా ఇక్కడ ఆరాధన ఆగలేదు. వాడుకలో ఉన్న ఇటువంటి ఆలయాల పరిరక్షణకు చారిత్రకాధారాలు ఎంత అవసరమో, సున్నపు పనివారి నైపుణ్యమూ అంతే అవసరం.