పేరు క్రొత్త యింటికి, జాబు పాత యింటికి

హైదరాబాదునందలి మాదాపూరున 1998లో సైబర్ టవర్సు ప్రారంభమైనది. దాని చుట్టును పెరిగిన హైటెక్ సిటీలో నేను సర్వరులను కనిపెట్టుకొని యుండు ఉద్యోగిని. సర్వరనగా అడిగినవారికి సమాచారము నందించు కంప్యూటరు. అచట మాకు తఱచుగా ఎదురగు చిక్కొకటి విన్నవించెదను.

వెబ్‌సైటుకు పేరుండును, సర్వరుకు అంకెల చిరునామా యుండును. పేరునుబట్టి అంకెలు తెలుపు డి.ఎన్.ఎస్. పద్ధతిని 1983లో పాల్ మొకపెట్రిస్ రూపొందించెను. సర్వరును మార్చి క్రొత్త అంకెలు వ్రాసినను, కొందఱికి పాత సర్వరే తెఱచుకొనును. ఏల? పూర్వము కరణముగారి లెక్క దిద్దినను ఊరివారి చేతి నకళ్లు పాతవిగనే యుండెడివి గదా! అట్లే నడిమి యంత్రములు తాము విన్న జవాబును గడువు తీఱువఱకు దాచుకొనును. గడువు 86,400 సెకండ్లయినచో ఒక దినమువఱకు పట్టవచ్చును. ఈలోపల రైతు పంపిన అర్జీ పాత సర్వరున పడి, క్రొత్తదానిలో కనబడకపోవచ్చును.

కావున మొదట మూలమైన నేమ్‌సర్వరును అడుగవలెను. అచట తప్పున్నచో దిద్దవలెను. అచట ఒప్పేయైనచో నడిమి యంత్రమును, పిదప మన కంప్యూటరును పరీక్షింపవలెను. మన కంప్యూటరులోని నకలును చెఱిపివేయవచ్చును. పరుల యంత్రములకు చాలవఱకు గడువు తీఱుటయే మార్గము. పాత గడువంత ముందుగనే దానిని 300 సెకండ్లకు తగ్గించి, పిదప సర్వరు మార్చుట మేలు. కొన్నాళ్లు పాత సర్వరును ఆపక, అందు పడినవానిని క్రొత్తదానికి చేర్చవలెను.

మీ అర్జీ కనబడనిచో రశీదు చూపి, “పాత సర్వరున వెదకితిరా?” యని యడుగుడు. పోయినదని నమ్ముటకు ముందు ఆ ప్రశ్న యవసరము.