ఒక్క మాట అడిగుంటే

జాలహళ్ళి క్రాస్‌లో నిలబడితే తుమకూరు రోడ్డు మీద బళ్ళారి బస్సులు పోతుంటాయి. బళ్ళారి అంటే మనకు గనులు, ఎండలు, జీన్స్ కుట్టే షెడ్లు గుర్తుకొస్తాయి. కానీ తెలుగు నాటకానికి అది పుట్టినిల్లు లాంటిది. అక్కడ వకీలుగా ఉన్న ధర్మవరం రామకృష్ణమాచార్యులు 1886లో సరస వినోదిని సభ పెట్టి నాటకాలు ఆడించారు. ఆయన రాసిన 'విషాద సారంగధర'కు తెలుగులో తొలి విషాదాంత నాటకమని పేరు.

కథ మనలో చాలామందికి తెలిసిందే. 1957లో ఎన్టీఆర్, భానుమతి, ఎస్వీ రంగారావు వేసిన సినిమా మన ఇళ్ళలో పెద్దవాళ్ళు చూసే ఉంటారు. రాజమహేంద్రవరం ఏలిన రాజరాజ నరేంద్రుడికి రత్నాంగి కన్న కొడుకు సారంగధరుడు. కొడుక్కని చూసిన చిత్రాంగిని తండ్రే చేసుకున్నాడంటారు. రాజు వేటకు పోయిన రోజున కుర్రాడి పావురం ఎగిరిపోయి ఆమె మేడ మీద వాలింది. తెచ్చుకుందామని వెళ్ళాడు. ఆమె అతని మీద మనసు పడింది. తల్లిలాంటిదానివని దణ్ణం పెట్టి బయటపడ్డాడు. ఆ అవమానం పట్టలేక, రాజు ఇల్లు చేరగానే నేరమంతా అతని మీదికే తోసింది. రాజు వెనకాముందూ చూడలేదు, కొడుకు కాళ్ళూ చేతులూ నరికించమన్నాడు.

అందరం చిత్రాంగినే తిడతాం. ఆమె చెప్పింది అబద్ధమే. కానీ తండ్రి సంగతేమిటి? ఇరవై ఏళ్ళు పెంచిన కొడుకును ఎదురుగా కూచోబెట్టి "ఏం జరిగిందిరా?" అని ఒక్క మాట అడగలేదు. నాకైతే అసలు ద్రోహం అక్కడే కనబడుతుంది.

చరిత్రలో ఈ రాజు కొడుకు కులోత్తుంగ చోళుడు. సారంగధరుడు కథల్లోనే ఉన్నాడు. అయితే ఆ ఇంట్లో ద్రోహం నిజంగానే ఉంది. సవతి సోదరుడు విజయాదిత్యుడు గద్దె మీద ఆశతో పలుమార్లు ఎదురు తిరిగాడు. అయినవాళ్ళే లాక్కుంటారన్న భయం ఉన్న ఇంట్లో చెప్పుడు మాట తొందరగా అంటుకుంటుంది మరి.

పూర్వం తంజావూరులో చేమకూర వేంకటకవి ఈ కథను కావ్యంగా రాశాడు. అందులో ఒక సిద్ధుడు వచ్చి సారంగధరుడికి కాళ్ళూ చేతులూ తిరిగి తెప్పిస్తాడు. శుభంగా ముగించడం అప్పటి ఆచారం. ధర్మవరం వారు ఆ ఆచారం దాటి, విషాదంతోనే తెర దించారు. తెగినవి మళ్ళీ అతకవు. ప్రెస్సు మిషన్ కింద వేళ్ళు పోయినవాళ్ళున్న మన పీణ్యలో ఈ సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు.

మన ఇళ్ళలో రాజ్యాలు లేకపోవచ్చు. షిఫ్టులున్నాయి. ఆయన రాత్రి పనికి, ఈమె పగటి పనికి. పిల్లల కబుర్లు పక్కింటివాళ్ళ నోట తెలుస్తాయి. "మీ అమ్మాయి ఎవరితోనో మాట్లాడుతోంది" అంటారు. ఊరి నుంచి ఫోనొస్తుంది, "మీ తమ్ముడు పొలం కాగితాలు మార్చుకున్నాడంట" అని. అలసి వచ్చిన మనిషికి చెయ్యి లేపడం తేలిక, కూచుని అడగడం కష్టం. ఆ మాట నిజమే కావచ్చు, కాకపోనూ వచ్చు. ముందు ఇంత అన్నం తిని, పిల్లను పక్కన కూచోబెట్టుకుని అడగండి. తమ్ముడికి మీరే ఫోన్ చెయ్యండి.

రాజమండ్రి వెళ్ళినప్పుడు సారంగధర మెట్ట ఎక్కడని అడిగి చూడండి. ఆ కుర్రాడి పేరు ఇప్పటికీ ఆ కొండకుంది.