గిట్ట కింద దిమ్మె

విశాఖ ఆటోనగర్ షెడ్లలో వెల్డింగు చేసేవాళ్లకు ఎక్స్‌రే కొత్తేమీ కాదు. ఉక్కు ఫ్యాక్టరీకో, షిప్‌యార్డుకో, ఒకప్పటి బీహెచ్‌పీవీకో పోయే పైపుల్లో, ప్రెజర్ వెసెళ్లలో అతుకు గట్టిగా పడిందో లేదో కంటితో తేలదు. పైకి నున్నగా కనిపించే అతుకు లోపల గాలిబుడగో, వెంట్రుకంత పగులో ఉండొచ్చు. అందుకే ఒక పక్క ఫిల్ము కట్టి, రెండో పక్క నుంచి ఎక్స్‌రేనో, ఇరిడియం-192 నుంచి వచ్చే గామా కిరణాలనో పంపి చూస్తారు. జనం తిరగని వేళ చూసుకుని, తరచు రాత్రిపూట, చుట్టూ తాడు కట్టి ఈ పని కానిస్తారు. ఇందులో చేయి తిరిగినవాళ్లకు ఒక సంగతి బాగా తెలుసు. పగులు ఏ దిక్కుగా నడిచిందో కిరణం కూడా ఆ దిక్కుగా దూరితేనే ఫిల్ము మీద గీత పడుతుంది. అడ్డదిడ్డంగా కొడితే పగులు ఉన్నా లేనట్టే.

ఎముకదీ అదే లెక్క. కాకపోతే పైపు కదలదు. ఆవు కదులుతుంది, గుర్రం తంతుంది.

విశాఖలాంటి ఓడరేవు ఊళ్లో పెద్ద జంతువుల కాళ్లకు పని చెప్పే చోట్లకు కొదవ లేదు. గాజువాక మీదుగా పోయే హైవే డివైడర్ల మీద రాత్రిళ్లు ఆవులు నెమరేస్తూ పడుకుంటాయి, పక్కనుంచే లారీలు దూసుకుపోతుంటాయి. ఆర్కే బీచ్‌లో పిల్లల్ని ఎక్కించుకుని గుర్రాలు ఇసుకలో తిరుగుతాయి. సింహాచలం అప్పన్నకు మొక్కుకున్నవాళ్లు తోలుకొచ్చే కోడెదూడలు కొండకింద గోశాలకు చేరతాయి. 1977లో మొదలైన ఇందిరాగాంధీ జంతు ప్రదర్శనశాల కంబాలకొండ పక్కనే ఉంది. వీటిలో ఏది కుంటినా యజమాని అడిగే మొదటి మాట ఒకటే: ‘‘డాక్టరుగారూ, కాలు విరిగిందా, బెణికిందా?’’ డాక్టరు చేత్తో తడిమి సగం చెబుతాడు. మిగతా సగం ఎక్స్‌రే చెప్పాలి.

రాంట్‌జెన్ ఎక్స్‌రేను కనిపెట్టింది 1895 నవంబరులో. మరుసటేడే ఐరోపా పశువైద్యులు గుర్రం కాలికి ఫొటో తీసి చూశారు. అప్పట్నుంచీ మెషీన్లు చిన్నవయ్యాయి, ఫిల్ము పోయి డిజిటల్ ప్లేటు వచ్చింది, చీకటిగదిలో కడగాల్సిన బొమ్మ ఇప్పుడు నాలుగైదు సెకన్లలో లాప్‌టాప్ మీద కనిపిస్తోంది. జంతువును నిలబెట్టడంలో ఉన్న తంటా మాత్రం అప్పుడెంతో ఇప్పుడూ అంతే.

మనిషినైతే బల్ల మీద పడుకోబెట్టి, ‘‘కాలు ఇటు తిప్పండి, కదలకండి’’ అంటే సరిపోతుంది. అరటన్ను ఒంగోలు గిత్తను పడుకోబెట్టడమే ఒక చికిత్సంత పని. ఆవు, గేదె పక్కకు పడుకుని ఎక్కువసేపు ఉంటే పెద్దపొట్టలో గ్యాసు బయటికి పోలేక కడుపు ఉబ్బుతుంది. మత్తులో ఉన్నప్పుడు పొట్టలోని మేత గొంతులోకి ఎగదన్ని ఊపిరితిత్తుల్లోకి దిగితే ప్రాణానికే ముప్పు. అందుకే మత్తు ఇవ్వాల్సి వస్తుందనుకుంటే ముందురోజు నుంచే మేత ఆపుతారు. వీలైతే కుడిపక్కకు పడుకోబెడతారు, ఎందుకంటే పెద్దపొట్ట ఉండేది ఎడమవైపు. మెడ కింద ఎత్తుపెట్టి మూతి కిందికి వాలేలా ఉంచుతారు, చొంగ బయటికి కారిపోవడానికి.

మత్తుమందు విషయంలో ఇంకో తిరకాసు. పశువైద్యంలో రోజూ వాడే జైలజీన్‌కు గుర్రం కంటే ఆవు సుమారు పదింతలు తొందరగా లొంగుతుంది. గుర్రం నిలబడి కునుకుతీసే మోతాదు ఆవుకిస్తే అది మర్నాటిదాకా లేవకపోవచ్చు. బరువు ఒకటే కదా అని లెక్కేస్తే కొంప మునిగినట్టే.

గట్టినేల మీద పడుకున్న పెద్ద జంతువుకు మరో ప్రమాదం దాని బరువే. భుజం కింద నలిగిన నరం చచ్చుబడితే, విరిగిన కాలి కోసం పడుకోబెట్టిన పశువు మంచి కాలు కూడా ఈడుస్తూ లేస్తుంది. దీనికి పశువైద్యులు వాడే విరుగుడు ఆటోనగర్ టైర్ల షాపుల ముందు గుట్టలుగా పడి ఉంటుంది: గాలి నింపిన లారీ ట్యూబు. కిందిపక్క ముంగాలిని ముందుకు లాగి, భుజం ఆ ట్యూబు మీద ఆనేలా పడుకోబెడితే బరువు నరం మీద పడదు. విదేశీ పాఠ్యపుస్తకాల్లోనూ ఈ ట్యూబే ఉంటుంది. ట్యూబ్‌లెస్ టైర్లు పెరిగాక మంచి ట్యూబు దొరకడమే కష్టమవుతోందన్నది వేరే సంగతి.

ఇన్ని తలనొప్పులున్నాయి కాబట్టి మోకాలు, గిట్ట, చీలమండ వరకూ వీలైనంతవరకు నిలబెట్టే తీస్తారు. పైనున్న తుంటి, తొడల దగ్గర కండ మందం. చిన్న మెషీను కిరణం అక్కడ చాలదు. పడుకోబెట్టి, పెద్ద మెషీను కిందికి చేర్చక తప్పదు.

నిలబెట్టి తీసేటప్పుడు అన్నిటికంటే ఓపిక కావలసింది గుర్రం గిట్టకు. మొదట నాడా ఊడదీస్తారు, లేకపోతే ఇనుము ఎముకను కప్పేస్తుంది. తర్వాత బ్రష్షుతో మట్టి, ఇసుక రుద్ది కడుగుతారు. బీచ్ గుర్రమైతే ఈ పని ఇంకాస్త ఎక్కువ. గిట్ట అడుగున ఉండే మెత్తటి భాగానికి రెండుపక్కలా లోతైన చాళ్లుంటాయి. వాటిలో గాలి నిలిచి ఎక్స్‌రేలో నల్లటి గీతలుగా పడుతుంది, చూసినవాళ్లు ఎముక చిట్లిందనుకుంటారు. అందుకని పిల్లలు బొమ్మలు చేసుకునే మెత్తటి క్లే తెచ్చి ఆ చాళ్లలో కూరుతారు. గాలి పోతుంది, దొంగ పగులూ మాయమవుతుంది.

ఇక దిమ్మె. ఎక్స్‌రే మెషీనును ఎంత కిందికి దించినా కిరణం బయల్దేరే చోటు నేలకు జానెడు ఎత్తునే ఉంటుంది. గిట్ట లోపలి ఎముకేమో నేలకు అంటుకున్నంత కింద. కిరణం నేలకు సమాంతరంగా, ఎముక నడుమగుండా పోవాలంటే గిట్టను ఎత్తడమొక్కటే దారి. చెక్క దిమ్మె మీద నిలబెడతారు. ఒక్క కాలు మాత్రం ఎత్తితే గుర్రం బరువంతా రెండో కాలిమీదికి ఒరుగుతుంది, కీళ్ల మధ్య సందు ఒకపక్క ఇరుకు, ఒకపక్క వెడల్పుగా కనిపిస్తుంది. లేని జబ్బు ఉన్నట్టు బొమ్మ చెబుతుంది. కాబట్టి రెండు ముంగాళ్ల కిందా ఒకే ఎత్తు దిమ్మెలు. కాళ్లు నిట్టనిలువుగా, తల నేరుగా ముందుకు. ఒకడు తలదగ్గర నిలబడి మెడ నిమురుతూ మాట్లాడుతుంటాడు. ఆ మనిషి మంచివాడైతే సగం మత్తుమందు ఆదా.

అప్పుడు మొదటి బొమ్మ: బయటిపక్క నుంచి కిరణం, లోపలిపక్క ప్లేటు. రెండోది ఎదురుగా ముందునుంచి వెనక్కి. ఈ రెండూ ఒకదానికొకటి లంబంగా ఉండాలి, ఒక్క బొమ్మనే నమ్మి తీర్పు చెప్పకూడదు. గిట్ట లోపల పడవ ఆకారంలో ఒక చిన్న ఎముక ఉంటుంది. ముందుకాళ్ల కుంటితనానికి చాలాసార్లు అదే మూలం. దాన్ని పట్టుకోవాలంటే గిట్ట కింద ప్లేటు పెట్టి, పై నుంచి సుమారు 65 డిగ్రీల వాలుతో కొట్టాలి. ప్లేటు మీద గుర్రమే నిలబడుతుంది కనుక దాన్ని గట్టి సొరంగంలాంటి పెట్టెలో దూరుస్తారు. ఇదే ఎముకకు ఇంకో కోణం ఉంది. కాలిని కాస్త వెనక్కి పెట్టించి, గుర్రం పొట్టకిందికి మెషీను దూర్చి తీసేది. ఆపరేటరుకు గుండె దడదడలాడే కోణమది.

మోకాలి కింద మరో చిక్కుముడి. గుర్రానికి అక్కడి పెద్ద ఎముక వెనక, అటొకటి ఇటొకటి పుల్లల్లాంటి ఎముకలు అతుక్కుని ఉంటాయి. పక్కనుంచి తీస్తే రెండూ ఒకదానిమీదొకటి పడి కలిసిపోతాయి. ముందు, బయటి మూల నుంచి 45 డిగ్రీల వాలులో తీస్తే బయటి పుల్ల విడిగా తేలుతుంది. లోపలి మూల నుంచి తీస్తే లోపలిది. అందుకే కాలి ఎక్స్‌రే అంటే నాలుగు కోణాలు మామూలు. మోకాలికి, మడిచి తీసేదానితో కలిపి ఐదో ఆరో.

ఆవు గిట్టకు రెండు డెక్కలు. పక్కనుంచి చూస్తే రెండూ ఒకటిగా కనిపించి, ఏ డెక్కలో చీము పట్టిందో తెలియదు. మధ్య సందులో చిన్న ఫిల్ము దూర్చి, బయటినుంచి ఒక్క డెక్కనే తీయడం పాతకాలపు ఉపాయం. ఆవును ట్రెవిస్‌లో, అంటే పైపులతో చేసిన చట్రంలో, నిలబెట్టి, కాలిని మోకుతో పైపుకు కట్టేసి చేస్తారు. గుర్రాన్ని అలా కడితే పైపుతోసహా లాగేస్తుంది.

ప్రతి బొమ్మలోనూ సీసం అక్షరం ఒకటి పడాలి, ఎడమో కుడో చెప్పడానికి. అదీ కాలి బయటిపక్కనే. ఈ ఒక్క అలవాటు తప్పితే మంచి కాలికి ఆపరేషన్ జరిగే ప్రమాదం ఉంది. వెల్డు ఫిల్ము మీద కూడా అతుకు నంబరును సీసం అంకెలతోనే వేస్తారు.

చుట్టూ ఉన్నవాళ్ల భద్రత ఇందులో అందరూ తేలిగ్గా తీసుకునే భాగం. సీసం ఆప్రాన్ అటూ ఇటూ చెదిరిన కిరణాల్నే ఆపుతుంది, నేరుగా వచ్చేదాన్ని కాదు. చేతి తొడుగులైనా అంతే. ప్లేటును చేత్తో పట్టుకుని నిలబడటం ధైర్యం కాదు, మూర్ఖత్వం. అణుశక్తి నియంత్రణ మండలి నియమం ప్రకారం రేడియేషన్ పనివారికి ఐదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులు మించకూడదు, ఏ ఒక్క ఏడాదిలోనూ 30 దాటకూడదు. మామూలు జనానికి ఏడాదికి 1. గుర్రం తల పట్టుకున్న పిల్లాడు ఈ రెండో కోవలోకే వస్తాడు. ఖర్చులేని రక్షణ దూరం: కిరణం పుట్టే చోటు నుంచి రెట్టింపు దూరం జరిగితే సోకేది నాలుగోవంతే. మీటరు కర్ర చివర క్లిప్పుతో ప్లేటు పట్టుకునే సాధనం ఉంటే ఆ దూరం దానంతటదే వస్తుంది.

ఇక్కడ ఒక్క మాట అనక తప్పదు. లక్షలు పోసి పోర్టబుల్ మెషీను కొంటారు, దిమ్మెలకూ కర్రకూ బడ్జెట్ ఉండదు. చివరికి దిమ్మె బదులు ఇటుకరాయి, కర్ర బదులు అటెండరు చెయ్యి. పైపుల ట్రెవిస్, చెక్క దిమ్మెలు, ప్లేటు పెట్టె, పొడుగుపిడి హోల్డరు ఏవీ దిగుమతి సరుకు కావు. కొలతలు చెబితే ఆటోనగర్‌లో ఏ ఫ్యాబ్రికేషన్ షెడ్డయినా చేసిచ్చేవే.

ఏనుగు సంగతి మరోరకం. బందీ ఏనుగుల్లో పాదాల జబ్బు పెద్ద సమస్య. ఏ మోకూ దాన్ని ఆపదు కాబట్టి దానిచేతనే పాదం పెట్టించుకుంటారు. కమ్మీల వెనకనుంచి కాలు చాచి స్టూలు మీద ఆనించడం, కదలకుండా ఉండటం, తర్వాత అరటిపండు తినడం. నెలలతరబడి ఇదే పాఠం. తీరా ఎక్స్‌రే రోజున పని నిమిషాల్లో అయిపోతుంది.

రోడ్డుమీద దెబ్బతిన్న ఆవును ఆసుపత్రికి చేర్చడంలోనూ బొమ్మ బాగోగులు ఉన్నాయి. రాష్ట్రంలో 2022 మేలో మొదలైన, 1962 నంబరుకు ఫోను చేస్తే వచ్చే పశువైద్య సంచార వాహనాల్లో 1000 కిలోల దాకా ఎత్తే హైడ్రాలిక్ లిఫ్టు పెట్టారు. బండి ఎక్కించేలోగా విరిగిన చోటుకు పై కీలునుంచి కింది కీలుదాకా కట్టు వేయాలి. గ్యారేజీవాళ్లకు వెంటనే చేతికొచ్చేది ఇనుపరాడ్డు. దానికంటే నిలువునా చీల్చిన పీవీసీ పైపో, వెదురుబద్దలో దూది చుట్టి కడితే మేలు. కట్టు విప్పకుండానే కిరణం వాటిగుండా దూరుతుంది, ఇనుముగుండా దూరదు.

దూడల్లో ఎక్కువగా విరిగేవి మోకాలి కింది ఎముకలే. కష్టమైన ఈనులో కాళ్లకు తాడువేసి లాగినప్పుడు విరిగేవీ ఉంటాయి. పిండికట్టు వేస్తే లేతవయసులో నాలుగు నుంచి ఆరు వారాల్లో అతుక్కుంటుంది. అప్పుడు మళ్లీ ఎక్స్‌రే. కొత్త బొమ్మను పాతదాని పక్కన పెట్టి చూడాలంటే అదే కోణం, అంతే దూరం, అంతే ఎత్తు దిమ్మె ఉండాలి. అందుకని మొదటిరోజే ఆ వివరాలన్నీ కేసుషీటు మీద రాసిపెట్టుకుంటారు.