ఆరు పలకల చుట్టుగుడిసె

వరి కోసి, వేరుశనగ తీసి ఇల్లు చేర్చిన పిమ్మట మన సభ్యులలో పలువురు హైదరాబాదు పడమటనున్న మాదాపురము, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ ప్రాంతములకు కట్టడపు పనులకై పోవుచున్నారు. 1998 లో సైబర్ టవర్స్ అను మేడ తెరచిన నాటినుండి అచ్చట మేడ ప్రక్కన మేడ లేచుచునే యున్నది. వాటిని కట్టువారిలో అనేకులు మాత్రము నాలుగు గుంజలు పాతి, పైన రేకులు పరచి, వానిపై ఇటుకలు బరువుపెట్టిన కొట్టములలో పిల్లలతో కాపురముండుటను మేము చూచుచున్నాము. ఏప్రిలు, మే నెలలలో సాయంకాలము గాలిదుమారము లేచినచో ముందుగా ఎగురునది ఆ రేకే. ఎగిరిన రేకు కొడవలి వంటిది. పొలమున కావలి గుడిసె వేసికొను రైతునకును ఈ చిక్కు తప్పదు. కావున ఇరువురికిని పనికివచ్చు గుడిసెను గూర్చి ఇచ్చట వ్రాయుచున్నాము.

రేకు ఎగురుటకు కారణము గాలి పైనుండి నొక్కుట కాదు. చదునైన కప్పుమీదుగా వేగముగా పోవు గాలి దానిని పైకి పీల్చును. అదే సమయమున తెరచిన వాకిట చొరబడిన గాలి లోపలినుండి పైకి నెట్టును. ఈ రెండును కలసినప్పుడు మేకులు ఊడి వచ్చును. గాలి వేగము రెండింతలైనచో దాని బలము నాలుగింతలగును. మన దేశపు కట్టడముల ప్రమాణములలో ఐ.ఎస్. 875 మూడవ భాగము హైదరాబాదునకు సెకనుకు 44 మీటర్లు, విశాఖపట్టణమునకు 50 మీటర్లు గాలి వేగముగా లెక్కింపుమని చెప్పుచున్నది. 44 మీటర్లనగా గంటకు 158 కిలోమీటర్లు. ఆ గాలి చదరపు అడుగునకు సుమారు 11 కిలోల బలముతో తాకును. నాలుగడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవు గల ఒక్క పలకపై 350 కిలోలు! ఇటుకలు పెట్టి ఆపవచ్చుననుకొనుట వట్టి భ్రమ.

మన పెద్దలు దీనికి ఉపాయమెరుగుదురు. శ్రీకాకుళము, విశాఖపట్టణము సీమలలోని చుట్టిండ్లను చూచినవారికి ఈ మాట తెలియును. గుండ్రని మట్టిగోడ, దానిపై శంకువువలె తాటాకు కప్పు, నేలకు దగ్గరగా దిగిన చూరు. గాలికి ఎదురుగా నిలుచు చదునైన ముఖము లేదు, చూరు క్రిందికి దూరుటకు చోటును లేదు. ఐతే గాలి వేరు, ఉప్పెన వేరు. 1977 నవంబరు 19 న దివిసీమను ముంచినది సముద్రము. అట్టి వేళ ఏ గుడిసెయు నిలువదు, మెరకకు పోవుటయే మార్గము.

మంగోలియా దేశమున పసులకాపరులు నివసించు గెరు అను గుండ్రని గుడారమును తక్కిన దేశములవారు యూర్తు అందురు. కర్రలతో అల్లిన మడత తడికలే దాని గోడ, ఉన్ని కంబళియే దాని కప్పు. దానిని విప్పి పశువులపై వేసికొని పోవుదురు. అందు ముఖ్యమైన కిటుకు గోడ తలకట్టున బిగించిన పట్టెత్రాడు. కప్పు బరువు గోడను బయటకు త్రోయుచుండ, ఆ త్రాడు విచ్చిపోనీయక పట్టియుంచును. మన బండిచక్రపు పూటీలను ఇనుపకమ్మి పట్టియుంచినట్లే యని తెలిసికొనవలెను.

ఈ యూర్తునే పలకలతో చేయు పద్ధతిని 2002 లో వినయ్ గుప్తా అనునాయన కల్పించెను. దాని లెక్క మాకు మిక్కిలి నచ్చినది. అంగడిలో దొరకు 8 అడుగుల, 4 అడుగుల పలకలు పన్నెండు చాలును. ఆరింటిని అడ్డముగా నిలిపిన ఆరు మూలల గోడ ఏర్పడును. తక్కిన ఆరింటిని మూలనుండి మూలకు కోసి, రెండేసి ముక్కలు జతపరచిన ఆరు త్రికోణములై కప్పునకు సరిపోవును. వ్యర్థమగు ముక్క లేదు. లోపల నేల సుమారు 166 చదరపుటడుగులు, నడుమ ఎత్తు 8 అడుగులు, కప్పు వాలు 30 డిగ్రీలు. ఈ వాలున నీరు నిలువదు, చదును కప్పుకన్న పీల్పుడును తక్కువ.

అమెరికాలో నెవాడా ఎడారియందు జరుగు సంతలో ఇట్టి గుడిసెలను జిగురుపట్టీలతో అతికి వేయుదురు. అది వానలేని చోటు. మన ముసురులో ఆ జిగురు నిలువదు. మనము కీలు కీలునకు ఇనుప బందులు, మరమేకులు వేసి, అతుకుపై రేకుపట్టీని పై పలక క్రింది పలకను కప్పునట్లు బిగించవలెను. గోడ తలకట్టున చుట్టును ఇనుపపట్టీ తప్పనిసరి. గోడ నాలుగడుగులే గనుక రెండడుగుల రాతి దిమ్మెపై నిలిపినచో వాకిలి ఆరడుగులగును, వాననీరు లోనికి రాదు. వాకిలి గాలి వచ్చు దిక్కునకు ఎదురుగా ఉండరాదు, గట్టి తలుపును ఉండవలెను. చూరు అరయడుగునకు మించనీయకుడు.

ఇక అసలు సంగతి. 12 మిల్లీమీటర్ల మందము గల ప్లైవుడ్డు పలకలు పన్నెండును కలసి సుమారు 250 కిలోలు తూగును. కప్పు పలకలపై పైన చెప్పిన గాలి బలములో సగము పైకి లాగినను వేయి కిలోలు! అనగా గుడిసె తన బరువుతో తాను నిలువజాలదు, కట్టి ఉంచవలెను. మాదాపురము చుట్టుపట్ల నేల రాతిపొర, అచ్చట మేకు దిగదు. ఇసుక నింపిన సిమెంటు సంచి సుమారు 50 కిలోలుండును. అట్టివి మూలకు నాలుగు చొప్పున ఇరువది నాలుగు పెట్టి, కప్పు శిఖరము మీదుగా వేసిన త్రాళ్లను వానికి కట్టవలెను. ఇంతకు తగ్గుట ప్రమాదము. రేగడి నేలలో మేకులు వానకు వదులగును. అచ్చట మూడడుగుల లోతున అడ్డదుంగను పాతి, దానికి కట్టిన ఇనుపతీగను పైకి తీసి మట్టిని దిమ్మిసతో గట్టిపరచవలెను. త్రాళ్లను వారమునకొకసారి బిగించుట ఇల్లాలికైనను, పిల్లవానికైనను అప్పగింపదగిన పని.

ఎండకు కప్పుపై తెల్లని సున్నపుపూత వేయుడు. తెలంగాణ ప్రభుత్వము 2023 లో చల్లని కప్పుల విధానమును ప్రకటించినది ఈ సూత్రము పైననే. శిఖరమున అడుగు మేర రంధ్రము విడిచి, పైన టోపీవలె రేకు కట్టినచో వేడిగాలి పోవును. వంట బయటనే చేయవలెను. ప్లైవుడ్డు ధర అధికమనువారు బెంగుళూరులోని భారత ప్లైవుడ్డు పరిశోధనా సంస్థ రూపొందించిన వెదురుచాప రేకులను కప్పునకు విచారింపవచ్చును. అవి కోయుటకు, మోయుటకు తేలిక.

పన్నెండు పలకలు పేర్చిన అరయడుగు ఎత్తు మాత్రమే యగును, ఒక చిన్న బండిలో పట్టును. కనుక సంఘములు రెండు మూడు జతలు కొని గిడ్డంగిలో నుంచి, పనికి పోవు సభ్యులకు బాడుగకిచ్చుట మేలని మా అభిప్రాయము. కోత మొదటిసారి వడ్రంగిచేతనే చేయించి, ప్రతి పలకకు సంఖ్య వేయించవలెను. తిరిగి వచ్చిన పలకల అంచులకు నూనె పూసి, బందుల తుప్పు గీకి, నేలకు తగులకుండ రెండు దూలములపై పరచి ఉంచవలెను.