వైద్యసేవ తటస్థమా?

వైద్యం శాస్త్రం కాబట్టి వైద్యసేవ కూడా తటస్థమైనదేనని మనలో చాలామంది నమ్మకం. నాకూ ఆ నమ్మకం ఉండేది. అది ఎక్కడ సడలిందో ముందు చెబుతాను.

కొన్నేళ్ళ క్రితం పదో తరగతి అమ్మాయి ఒకతె తన నాయనమ్మ గురించి వ్యాసం రాసింది. జ్వరంతో ఆసుపత్రిలో చేరిస్తే, నర్సు ఒక్క మాటైనా అడగకుండా ముసలమ్మ జబ్బకున్న తాయెత్తును కత్తిరించి చెత్తబుట్టలో వేసిందట. నాయనమ్మ ఆ రాత్రే ఇంటికి వచ్చేసింది. మళ్ళీ ఆసుపత్రి గడప తొక్కలేదు. ఆ పేజీ పక్కన నేను ఎర్రసిరాతో ఇలా రాశాను: ‘మూఢనమ్మకాన్ని ఖండించవలసింది.’ అభ్యుదయ భావాలు గల ఉపాధ్యాయుడిగా నా విధి నెరవేర్చాననుకున్నాను.

ఇరిహాపేటి రామ్స్‌డెన్ ఆలోచనలు తెలిశాక ఆ ఎర్రసిరా నన్నే నిలదీసింది. ఆమె (1946–2003) న్యూజీలాండ్‌కు చెందిన మావోరీ నర్సు. 1980ల చివర ‘సాంస్కృతిక భద్రత’ అనే భావనకు రూపమివ్వడంలో ఆమెదే ప్రధాన పాత్ర. 1992లో ఆ దేశపు నర్సింగ్ కౌన్సిల్ దాన్ని నర్సుల శిక్షణలో భాగం చేసింది. వలసపాలనలో భూములు కోల్పోయిన జాతి ఆమెది. రోగి ఆ చరిత్రను గుమ్మం బయట వదిలి ఆసుపత్రిలోకి రాడన్నది ఆమె వాదంలోని మూలసూత్రం.

మావోరీలకు తల పవిత్రం. తలకింది దిండును కాళ్ళకింద పెడితే వారికి అవమానం. వారి భాషలో నేలకూ, బిడ్డతో వచ్చే మాయకూ ఒకటే మాట: ఫెనువా. మాయను నేలలో పాతిపెట్టడం వారి ఆచారం. దాన్ని చెత్తగా పారవేసే ఆసుపత్రి తల్లి కళ్ళకు ఎలా కనిపిస్తుంది?

అయితే రామ్స్‌డెన్ కోరింది ఇలాంటి ఆచారాల పట్టికను బట్టీపట్టమని కాదు. నర్సు ముందుగా తనను తాను చదువుకోవాలి. శుభ్రత గురించి, మర్యాద గురించి, ‘మంచి తల్లి’ గురించి తన అభిప్రాయాలు ఏ ఇంట్లో, ఏ వర్గంలో పుట్టాయి? తన చేతిలో ఎంత అధికారం ఉంది? ఇక, సేవ భద్రంగా ఉందా లేదా అన్న తీర్పు నర్సుది కాదు, ఆ సేవ పొందినవారిది.

ఇది మూఢత్వానికి లొంగిపోవడం కాదా అని ఎవరైనా అడగవచ్చు. కాదు. చికిత్సకు అడ్డమైతే తాయెత్తు తీయవలసిందే. ఎందుకో చెప్పి, అడిగి, తీసి, ఆమె చేతిలోనే పెడితే శాస్త్రానికి పోయేదేమిటి? అడగకుండా కత్తిరించింది శాస్త్రం కాదు. ‘ఇలాంటివాళ్ళను అడగనక్కరలేదు’ అన్న విలువ. దాని ఫలితంగా, మందు అవసరమైన మనిషి మందుకే దూరమైంది. వార్డంతా ఒక్కతే చూసుకునే నర్సును నిందించడం నా ఉద్దేశం కాదు. ఆ విలువ ఆమె ఒక్కతెది కాదు. నా ఎర్రసిరాలోనూ ఉన్నది అదే.

మన కథల్లో రోగి అజ్ఞానం గురించి చాలానే రాశాం. తెల్లకోటు లోపలి నమ్మకాల గురించి, ఆ కథలు రాసే, విమర్శించే మన నమ్మకాల గురించి రాసింది తక్కువ. ఆ వ్యాసం ఇప్పుడు నా దగ్గర లేదు. ఉంటే నా వాక్యం కొట్టివేసి ఒక ప్రశ్న రాసేవాణ్ణి: ‘తాయెత్తు తెగినప్పుడు నాయనమ్మ ఏమంది?’