గురుకులంలో తొలి వారాలు

1971లో నల్లగొండ జిల్లా సర్వేల్‌లో పి.వి. నరసింహారావు చొరవతో మొదలైన గురుకుల విద్యాలయం, ఆ తర్వాతి దశాబ్దాలలో తెలుగునాట విస్తరించిన గురుకుల వ్యవస్థకు బీజం వేసింది. ప్రవేశ పరీక్షలో నెగ్గి ఐదో తరగతిలో చేరే పిల్లలు, సుమారు పదేళ్ల వయసులో, వేసవి సెలవులు ముగియగానే ట్రంకు పెట్టె, దుప్పటి, బకెట్టు పట్టుకుని కన్నవారిని విడిచి వెళ్తారు. సీటు రావడం ఇంటిల్లిపాదికీ గర్వకారణమే గాని, ఆ సంతోషంలో పిల్లల బెంగను పట్టించుకునేవారు తక్కువ.

ఇంటిమీది బెంగ అంటే మనసు ఎడతెగక ఇంటినే తలచుకోవడం వల్ల కలిగే దుఃఖం, ఆందోళన. అది జబ్బూ కాదు, పిరికితనమూ కాదు. పగలు పాఠాలతో, ఆటలతో సద్దుమణిగిన ఈ బెంగ, మనసుకు వేరే పని లేని వేళల్లో, ముఖ్యంగా రాత్రి దీపాలు ఆర్పాకా, తెల్లవారి నిద్ర లేచాకా పైకి వస్తుంది. ఆందోళన వల్ల కడుపునొప్పి నిజంగానే వస్తుంది కనుక, పొద్దున్నే కడుపు పట్టుకున్న పిల్లవాడు నటిస్తున్నాడని తేల్చేయడం అన్యాయం.

ఏడుపు ఆగగానే పిల్లవాడు అలవాటు పడ్డాడనుకోవడం అంతకన్నా పెద్ద పొరపాటు. ఆసుపత్రిలో తల్లికి దూరమైన రెండేళ్ల పాపను చిత్రీకరించి 1952లో బ్రిటన్‌లో చలనచిత్రంగా చూపిన జేమ్స్ రాబర్ట్‌సన్, ఆయనతో కలిసి పనిచేసిన మనోవైద్యుడు జాన్ బౌల్బీ, ఎడబాటులో మొదట నిరసన, తర్వాత నిస్పృహ, చివరికి ఎడముఖం అనే దశలను గుర్తించారు. ఆసుపత్రివాళ్లు కుదుటపడటంగా లెక్కవేసిన నిశ్శబ్దం చాలాసార్లు నిస్పృహేనని వారు వాదించారు. పదేళ్ల పిల్లలు పసిపాపలు కాకపోయినా, అల్లరి మాని అన్నం కెలుకుతూ కూర్చునే పిల్లవాడి విషయంలో వార్డెన్‌కు ఈ ఎరుక చాలా అవసరం.

ఇంటి బెంగపై పరిశోధించిన క్రిస్టఫర్ థర్బర్, ఎడబాటుకు ముందస్తు సాధన ఉండాలనీ, వెళ్లాలా వద్దా అన్న నిర్ణయంలో పిల్లలకు భాగం ఉండాలనీ సూచించారు. వేసవిలో అమ్మానాన్నలు లేకుండా అమ్మమ్మ ఇంట్లో వారం గడపడం, బట్టలు ఉతుక్కోవడం, సొంతంగా జడ వేసుకోవడం, పెట్టె తాళంచెవి పోకుండా మొలతాడుకో మెడలోనో కట్టుకోవడం ఇటువంటి సాధనే. “నచ్చకపోతే వచ్చి తీసుకెళ్తాంలే” అన్న హామీ మాత్రం బెడిసికొడుతుంది. అది నువ్వు తట్టుకోలేవేమోనన్న అనుమానాన్ని మనసులో నాటడమే కాక, మాట తప్పిననాడు నమ్మకాన్నీ తుంచేస్తుంది. చెప్పకుండా జారుకోవడమూ అంతే. మళ్లీ వచ్చే రోజు చెప్పి, ఏడ్చినా సరే, ఎదురుగా వీడ్కోలు తీసుకోవడమే మేలు.

2009 విద్యాహక్కు చట్టంలోని 17వ సెక్షన్ శారీరక దండననే కాక మానసిక వేధింపునూ నిషేధించింది కనుక, ఏడ్చే పిల్లవాణ్ణి పదిమందిలో ఎగతాళి చేయడం క్రమశిక్షణ కిందకు రాదు. ఆ పిల్లవాడి ఊరివైపు సీనియర్‌ను తోడు ఇవ్వడం, తెలుగు మాధ్యమం నుంచి వచ్చినవారిని తొలి వారాల్లో తెలుగులోనే సందేహాలు అడగనివ్వడం ఖర్చులేని పనులు. ఇన్ని చేసినా వారాల తరబడి తిండీ నిద్రా లేక పిల్లలు చిక్కిపోతుంటే, తెలుగులోనూ మాట్లాడే వీలున్న టెలి మానస్ ఉచిత సహాయవాణి 14416ను సంప్రదించాలి; సీటు పోతుందన్న భయాన్ని పక్కనపెట్టి, ఇంటికి దగ్గరి బడికి మార్చే విషయమూ ఆలోచించాలి.