నిద్రయు విద్యయు

పరీక్షల దినములు వచ్చినచో మన యిండ్లలో అర్ధరాత్రి దాటినను దీపము లారవు. పిల్లవాడు కునికిపాట్లు పడుచుండగా తల్లి కాఫీ గ్లాసు చేతికిచ్చి, "ఇంకొక్క పాఠము చదువు నాయనా!" యని బుజ్జగించును. హైదరాబాదునకు పడమట మాదాపూరున 1998వ సంవత్సరమున సైబర్ టవర్స్ ప్రారంభమైన పిదప రాత్రింబవళ్లు పనిచేయు కార్యాలయము లెన్నో వెలసినవి. అచ్చటి బిడ్డలు తెల్లవారుజామున నిల్లు చేరుదురు. నిద్ర చెడినయెడల నేర్చిన విద్యకు హాని కలుగునా? సోదరీమణులారా! ఈ ప్రశ్నకు శాస్త్రజ్ఞులు సజీవమగు మెదడులోనికి తొంగిచూచి సమాధానము వెదకుచున్నారు.

మన మెదడున సుమారు 8,600 కోట్ల నాడీకణములు గలవు. ఒక కణము వేరొక కణమునకు వార్త నందించు సంధిస్థానమునకు సినాప్స్ అని పేరు. 1888లో స్పెయిను దేశపు పండితుడగు రామోన్ ఇ కహాల్ నాడీకణముల కొమ్మలపై గులాబిముండ్ల వంటి సన్నని మొలకలను గుర్తించెను. పెక్కు సంధు లేర్పడునది యీ మొలకల మీదనే. అయితే ఆయన చూచినది ప్రాణము పోయిన మెదడు. ఎండిన కొమ్మను చూచి చెట్టు చిగిర్చిన విధము నెట్లు చెప్పగలము?

1990లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయమున డెంక్, స్ట్రిక్లర్, వెబ్ అను మువ్వురు క్రొత్తరకపు సూక్ష్మదర్శినిని ప్రకటించిరి. కంటికి కానరాని పరారుణకాంతి యందు మెదడులోనికి లోతుగా చొచ్చును. రెండు కాంతికణము లొక్క క్షణమున తాకినచోటనే వెలుగు పుట్టును. తక్కినదంతయు చీకటిగానే యుండును. జెల్లీచేపలో సహజముగా నుండు మెరయు మాంసకృత్తు యొక్క జన్యువును ఎలుకలలో చేర్చి, వాని నాడీకణములు కొన్ని మిలమిల మెరయునట్లు చేసిరి. ఎలుకకు మత్తిచ్చి, పుఱ్ఱెయెముకను ఒకచోట పలుచన చేసియో, చిన్న గాజుకిటికీ యమర్చియో, అదే కొమ్మను దినదినము చూడవచ్చును. 2002లో వెలువడిన పరిశోధనలలో కొన్ని మొలకలు కొలదిదినములలో పుట్టి గిట్టుచుండగా, మరికొన్ని నెలల తరబడి నిలిచియుండుట కనబడెను.

2014లో న్యూయార్కు విశ్వవిద్యాలయమున వెన్-బియావో గాన్ బృందము ఎలుకలకు తిరుగుచున్న కడ్డీపై నడక నేర్పెను. పిదప కొన్నింటిని నిద్రింపనిచ్చి, కొన్నింటిని మేలుకొలిపి యుంచిరి. నిద్రించినవాని మెదడున క్రొత్త మొలకలు హెచ్చుగా పుట్టెను. మేలుకొన్నవానికి అదనముగా నభ్యాస మిచ్చినను ఆ లోటు తీరలేదు.

ఎలుకకు జరిగినదంతయు మనుష్యునకు నట్లే జరుగునని చెప్పరాదు. మన పుఱ్ఱెకు కిటికీ పెట్టలేము గదా! మనకున్న సాధనము ఎమ్.ఆర్.ఐ. చిత్రము. గచ్చిబౌలియందలి ట్రిపుల్ ఐటీలో ఆచార్య జయంతీ శివస్వామిగారి బృందము 100 మంది భారతీయుల మెదడు చిత్రములను మేళవించి, 2019లో భారతీయుల మెదడు పటమును వెలువరించెను. పాశ్చాత్యుల పటముతో పోల్చగా మనది సగటున కొంచెము చిన్నదని తేలెను. ఇది తెలివికి కొలత గాదు. రోగి మెదడును సరియైన పటముతో పోల్చిననే వ్యాధి జాడ తప్పక తెలియును. అందులకే యీ శ్రమ. ఆ పటము ఊరి వీధులను చూపును గాని, గడపముందరి ముగ్గును చూపజాలదు. సంధుల మార్పు తెలియుటకు నేటికిని జంతువులే మనకు గురువులు.

కావున తల్లులారా! పాఠము ముగించిన బిడ్డను నిదురపోనిండు. రాత్రిపని చేసి వచ్చిన కొడుకో కోడలో పగలు పండుకొన్నప్పుడు తెరలు వేసి, మిక్సీ చప్పుడు కొంతసే పాపుడు. పైరునకు నీరు పెట్టిన రైతు మొలకను పట్టి లాగడు. వేళకు దీప మార్పుటయు విద్యాదానమే.